జైనూర్ నుంచి జిద్దా: ఒక యాత్ర వెనుక కాగితాలు, పెట్టెలు

జైనూర్‌కు సముద్రం లేదు, రైలూ లేదు. ఉట్నూరు నుంచి ఆసిఫాబాద్ పోయే దారిలో కొండల నడుమ ఉన్న మండల కేంద్రం. చుట్టూ గోండు, కొలాం గూడేలు, లంబాడా తండాలు. ఊళ్లో ముస్లింలు, మరాఠీ మాట్లాడే వ్యాపారులు, తెలుగువాళ్లు. అంగడి రోజున ఒక్క దుకాణం ముందే గోండీ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ, తెలుగు వినబడతాయి. ఇంత లోపలి ఊరి నుంచి ఎవరైనా దేశం దాటి పోయారంటే ఎక్కువగా రెండే దారులు. ఒకటి గల్ఫ్ కూలి, రెండోది హజ్. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల నుంచి గల్ఫ్ పోయిన వాళ్ల కష్టం గురించి కథలు వచ్చాయి, పాటలు వచ్చాయి, సినిమాలూ వచ్చాయి. హజ్‌కు పోయే గుంపు ఎట్లా తయారవుతుందో, ఏ కాగితం ఎక్కడ పుడుతుందో, పెట్టెలో ఏం పెడతారో తెలుగులో రాసింది చాలా తక్కువ.

నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో ఉన్నప్పుడూ, దిగిపోయిన తర్వాతా, హజ్ దరఖాస్తులు నింపడం, ఫోటోలు అంటించడం, రిజిస్టర్ పోస్టు కట్టడం, పెట్టెల మీద పేర్లు రాయించడం నా వంతుకు వచ్చిన పనులు. ఎవరూ అప్పజెప్పలేదు. కాగితాల దగ్గర కూర్చునే మనిషినని అందరూ నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ అనుభవంతో ఒక మాట గట్టిగా చెప్పగలను. మా ప్రాంతపు పేదవాడిని మక్కా చేర్చింది విశ్వాసం ఒక్కటే కాదు. తరాల తరబడి మనుషులు కూర్చుకుంటూ వచ్చిన ఏర్పాట్లు చేర్చాయి. ఓడ టికెట్టు, యాత్రికుడి పాసు, ప్రత్యేకమైన నోటు, పరాయి దేశంలో ఒక సత్రం, చీటీ తీసే పద్ధతి. వీటి చరిత్ర మా జిల్లా చరిత్రలో భాగం.

రోగం తెచ్చిన కాగితం

మొగలాయిల కాలంలో హజ్ యాత్రికులకు పెద్ద రేవు సూరత్. అప్పటి భయం పత్రాల గురించి కాదు, సముద్రపు దొంగల గురించి. 1695లో ఔరంగజేబు ఓడ ‘గంజ్-ఇ-సవాయీ’ యాత్రికులతో, ధనంతో సూరత్‌కు తిరిగి వస్తుంటే హెన్రీ ఎవ్రీ అనే ఇంగ్లీషు దొంగ దాన్ని అడ్డగించి దోచుకున్నాడు. ఆ రోజుల్లో దక్కన్ లోపలి నుంచి హజ్‌కు పోవడం నవాబులకో, వ్యాపారులకో, ప్రాణం మీద ఆశ వదులుకున్న ఫకీర్లకో సాధ్యమయ్యే పని.

ఆవిరి ఓడలు వచ్చి, 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక పరిస్థితి మారింది. రేవు బొంబాయికి మారింది. టికెట్టు ధర తగ్గింది, పేదలు వేలల్లో బయలుదేరారు. వాళ్లతో పాటు కలరా కూడా ప్రయాణం చేసింది. కాలువ తెరుచుకోక ముందే, 1865లో మక్కాలో యాత్రికుల మధ్య పుట్టుకొచ్చిన కలరా ఈజిప్టు మీదుగా యూరప్‌కు పాకింది. మరుసటి ఏడాది పలు దేశాలు కాన్‌స్టాంటినోపిల్‌లో సమావేశమై యాత్రికుల మీద కట్టుబాట్లు పెట్టాలని తీర్మానించాయి. ఎర్ర సముద్రంలో కమరాన్ అనే దీవిలో క్వారంటైన్ వెలిసింది. ఇండియా నుంచి పోయే ఓడలు అక్కడ ఆగాలి. యాత్రికులు దిగాలి, బట్టలు ఆవిరి పట్టించాలి, రోజులు గడపాలి, ఆ తర్వాతే జిద్దా. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు మరుసటి ఏడు ఇక్కడి నుంచి యాత్రనే ఆపేశారు. ఇవాళ మనం చూపించే టీకా కార్డుకు మూలం ఆ భయమే.

బొంబాయి రేవులో దళారులు పల్లెటూరి యాత్రికులను నిలువునా ముంచేవారు. ఒక ఓడకు డబ్బు కట్టించుకుని ఇంకో ఓడ ఎక్కించడం, ఓడలో పట్టేదాని కంటే ఎక్కువ మందిని కుక్కడం మామూలు. ఈ గోల తగ్గించడానికి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం 1886లో లండన్‌కు చెందిన థామస్ కుక్ కంపెనీకి హజ్ ఏర్పాట్లు అప్పగించింది. లోకమంతా విహారయాత్రలు నడిపిన కంపెనీ రైలు టికెట్టు, ఓడ టికెట్టు కలిపి అమ్మింది. పదేళ్లు తిరక్కముందే వదిలేసింది. లాభం లేని పనిని కంపెనీ చేయదు. అందుకే ఈ బాధ్యత మళ్లీ ప్రభుత్వం మీద, సమాజం మీద పడింది. 1932లో రేవు పట్టణాలకు హజ్ కమిటీల చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత దాని చోట 1959లో హజ్ కమిటీ చట్టం, దాన్ని తీసేసి 2002లో ఇప్పుడున్న చట్టం వచ్చాయి.

హాలీ సిక్కా, కల్దార్ రూపాయి

బ్రిటిష్ ఇండియా యాత్రికుడికి లేని చిక్కు ఒకటి మావాళ్లకు ఉండేది. మేము నిజాం రాజ్యంలోని మనుషులం. మా డబ్బు వేరు. హాలీ సిక్కా హైదరాబాద్ హద్దు దాటితే చెల్లదు. బొంబాయిలో చెల్లేది కల్దార్ రూపాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు వచ్చేవి. అంటే ఓడ టికెట్టు నూరు రూపాయలైతే మావాడు 116 రూపాయల చిల్లర కూడబెట్టాలి. పత్తి అమ్మిన డబ్బు, ఎడ్లు అమ్మిన డబ్బు, అడవి కాంట్రాక్టులో మిగిలిన డబ్బు అన్నీ హాలీలోనే ఉండేవి. అవి సావుకారు దగ్గర మార్చుకోవడమే హజ్ తయారీలో మొదటి మెట్టు. రాజ్యం హద్దులో కరోడ్‌గిరి (సుంకం) నాకాలు వేరే ఉండేవి.

ఇక దారి. కాజీపేట నుంచి బల్హార్షా దాకా రైలు మార్గం 1920ల చివర్లో పూర్తయింది. దాని మీద మాకు దగ్గరి స్టేషన్ ఆసిఫాబాద్ రోడ్. జైనూర్ నుంచి ఎడ్లబండిలో కెరమెరి ఘాటు దిగి ఆసిఫాబాద్ పోవాలి, అక్కడి నుంచి స్టేషన్‌కు. ఒంటరిగా ఎవరూ బయలుదేరేవాళ్లు కాదు. ఉట్నూరు, జైనూర్, ఆసిఫాబాద్ నుంచి నలుగురైదుగురు కలిసి, రైలు తెలిసిన పెద్దమనిషిని ముందు పెట్టుకుని పోయేవాళ్లు. ఈనాటి దరఖాస్తులో ‘కవర్ హెడ్’ అని ఒక గడి ఉంటుంది. గుంపు తరఫున సంతకాలు, డబ్బులు, ఫోన్లు అన్నీ అతనివే. ఆ గడి కంటే ఎంతో ముందే ఆ మనిషి మా బండి మీద కూర్చుని ఉన్నాడు.

మా దాదా 1960ల మొదట్లో ఓడ మీద హజ్ చేశాడు. ఆయన నోట విన్నవే నాకు మొదటి పాఠాలు. తీసుకుపోయిన సామాను జాబితా ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. ఒక టిన్ను సందూకు, పరుపు చుట్టిన హోల్డాల్, రాగి లోటా, కిరోసిన్ స్టవ్, బియ్యం, కందిపప్పు, ఎండు మిరప, చింతపండు, మామిడి అచార్, నెయ్యి డబ్బా. అన్నిటి కింద తెల్లటి కఫన్ గుడ్డ. ఆ గుడ్డను జమ్‌జమ్ నీళ్లలో తడిపి ఆరబెట్టి తెచ్చుకుంటారు. చావు వస్తే అదే కప్పాలి. తిరిగి వస్తామో రామో తెలియని కాలం కాబట్టి బయలుదేరే ముందు అప్పులు తీర్చడం, పొలం ఎవరిదో చెప్పడం, ఇంటింటికీ పోయి ‘కహా సునా మాఫ్ కర్నా’ (అన్నవీ విన్నవీ మన్నించండి) అని చేతులు పట్టుకోవడం తప్పనిసరి. అప్పు ఉంచుకుని హజ్‌కు పోకూడదు. మనిషి హక్కు బాకీ ఉంటే ముందు అది తీర్చాలి. కుడి చేతికి ఇమామ్ జామిన్ కట్టేవాళ్లు. చిన్న గుడ్డలో నాణెం చుట్టిన తాయెత్తు లాంటిది, క్షేమంగా చేరాక ఆ డబ్బు దానం చేస్తారు.

బొంబాయిలో దిగితే హాజీ సాబూ సిద్దిక్ ముసాఫిర్‌ఖానా. ఓడ తేదీ వచ్చే దాకా మకాం అక్కడే. టీకాలు, పాసు, టికెట్టు, డబ్బు మార్పు అన్నీ ఆ చుట్టుపక్కలే తేలాలి. ఓడలు మొగల్ లైన్ కంపెనీవి. 1877లో బాంబే అండ్ పర్షియా కంపెనీగా మొదలై, తర్వాత ఆ పేరు పొందింది. మా దాదా ఎక్కింది ‘మొహమ్మదీ’. డెక్కు క్లాసులో పరుపు పరిచిన చోటే ఇల్లు. జిద్దా చేరడానికి పన్నెండు నుంచి పదిహేను రోజులు పట్టేది. మీఖాత్ (ఇహ్రామ్ కట్టుకోవాల్సిన హద్దు) అయిన యలమ్‌లమ్ సూటికి ఓడ వస్తోందని తెలియగానే మగవాళ్లంతా స్నానాలు చేసి కుట్టులేని రెండు తెల్లగుడ్డల ఇహ్రామ్ కట్టుకునేవాళ్లు.

పాసు, నోటు

అప్పట్లో హాజీకి మామూలు పాస్‌పోర్టు అక్కర్లేదు. పిల్‌గ్రిమ్ పాసు ఇచ్చేవారు. ఆ ఒక్క యాత్రకే చెల్లుతుంది. బ్రిటిష్ కాలంలో దీనికి తోడు ఇంకో కట్టుబాటు వచ్చింది. పోయిన పేదలు తిరుగు ఖర్చు లేక జిద్దా వీధుల్లో బిచ్చమెత్తుకునేవాళ్లు. వాళ్లను తీసుకురావడం ప్రభుత్వానికి భారమయ్యేది. అందుకే 1920ల్లో తిరుగు టికెట్టు ముందే కొనాలనీ, లేకుంటే డబ్బు డిపాజిట్ చేయాలనీ నిబంధన వచ్చింది. పేదవాడికి అది మొదట అడ్డంకిలా కనిపించింది. కానీ అదే వాళ్లను ఇంటికి చేర్చింది.

డబ్బు సంగతి ఇంకా విచిత్రం. గల్ఫ్ దేశాల్లో అప్పట్లో మన రూపాయే చెల్లేది. బంగారం దొంగ రవాణా వల్ల విదేశీ మారకం తరిగిపోతోందని రిజర్వ్ బ్యాంక్ 1959లో గల్ఫ్‌కు వేరే నోట్లు అచ్చువేసింది. అప్పుడే హాజీల కోసం పది రూపాయల, వంద రూపాయల హజ్ నోట్లు కూడా విడుదల చేసింది. వాటి వరుస సంఖ్యకు ముందు ‘హెచ్‌ఏ’ అక్షరాలు ఉండేవి. సౌదీలో రియాళ్లు మార్చుకోవడానికే అవి, ఇక్కడ బజారులో చెల్లవు. హాలీ నుంచి కల్దార్, కల్దార్ నుంచి హజ్ నోటు. తర్వాతి కాలంలో హజ్ కమిటీయే ఒక్కొక్కరికీ 2,100 రియాళ్లు చేతికిచ్చేది. 2023 నుంచి అదీ ఆగింది. ఎవరి రియాళ్లు వాళ్లే చూసుకోవాలి. నా పెద్దలూ నేనూ కలిసి చూసినంత కాలంలోనే ఇన్ని డబ్బులు మారాయి.

కాగితమంటే బెదిరే నేల

ఇక్కడ మా మండలం గురించి ఒక మాట చెప్పాలి. జైనూర్ మండలంలోనే మార్లవాయి ఉంది. మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ గోండుల మధ్య ఉన్న ఊరు. ఆయన ఆస్ట్రియా మనిషి. 1938లో ఆస్ట్రియాను జర్మనీ మింగేయడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో శత్రుదేశస్థుడైపోయాడు. హైదరాబాద్ రాజ్యం దాటకూడదని కట్టడి చేశారు. ఆ కట్టడి మా కొండలకు మేలే చేసింది. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమురం భీము నేలకొరిగాక, నిజాం ప్రభుత్వం గోండుల గోడు తెలుసుకోవడానికి ఆయననే పంపింది. 1943లో మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి, వేలాది కుటుంబాలకు భూమి పట్టాలు అందాయి.

పట్టా లేక భూమి పోగొట్టుకున్న గోండుల కథ ఈ నేల మీద అందరికీ తెలుసు. కాగితం చేతిలో ఉన్నవాడు వచ్చి, తరాలుగా దున్నిన వాడిని లేవగొట్టాడు. అట్లా లేవగొట్టిన వాళ్లలో మా మతంవాళ్లూ ఉన్నారు, వేరే మతాలవాళ్లూ ఉన్నారు. ఆ మాట దాచి ఈ ప్రాంత చరిత్ర రాయకూడదు. అందుకే మా దగ్గర కాగితమంటే భయం, కాగితమంటే బలం. హజ్ దరఖాస్తు నింపేటప్పుడు ముసలివాళ్ల చేతులు వణకడం వయసు వల్ల మాత్రమే కాదు.

పాస్‌పోర్టు రోజులు

1970లలో చమురు ధరలు పెరిగి ఓడ ఖర్చులు పెరిగాయి. యాత్రికులు క్రమంగా విమానాలకు మారారు. పెరిగిన ఛార్జీలో కొంత ప్రభుత్వం సబ్సిడీగా భరించింది. 1995 నుంచి ఓడలు పూర్తిగా ఆగిపోయాయి. ‘అక్బర్’, ‘నూర్‌జహాన్’ లాంటి ఓడల పేర్లు మా ముసలివాళ్ల మాటల్లోనే మిగిలాయి. సబ్సిడీని పదేళ్లలో తీసేయాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. 2018 జనవరిలో అది పూర్తిగా పోయింది. ఇవాళ కమిటీ ద్వారా పోయినా ఒక్కరికి మూడు లక్షల పైమాటే. వాయిదాల్లో కట్టాలి. పత్తి ధర పడిపోయిన ఏడు రెండో వాయిదా కట్టలేక ఆగిపోయిన వాళ్లను నేను ఎరుగుదును.

విమానం రోజులను కుదించింది గానీ కాగితాలను పెంచింది. 2009-10 ప్రాంతంలో సౌదీ ప్రభుత్వం పిల్‌గ్రిమ్ పాసు వద్దంది, ప్రతి హాజీకీ అంతర్జాతీయ పాస్‌పోర్టు ఉండాలంది. మా ఊళ్లలో అదొక పెద్ద కుదుపు. పుట్టిన తేదీ ఎవరికి తెలుసు? ‘పెద్ద వాన వచ్చిన ఏడు పుట్టిన’, ‘మా అన్న పెళ్లికి చంకల ఉన్న’ అనే లెక్కలు. ఒక ఖాలా తెచ్చిన సంచీని నా బల్ల మీద గుమ్మరించాం. రేషన్ కార్డులో ఒక వయసు, ఓటరు కార్డులో ఇంకో వయసు, ఆధార్‌లో వేరే, కొడుకు బడి రికార్డులో తల్లి పేరు మరోలా. ఒకచోట బేగం, ఒకచోట బీ, ఒకచోట ఏమీ లేదు. భర్త పేరు ముందు ‘ఎండీ’ అని ఒక కార్డు, ‘మొహమ్మద్’ అని ఒక కార్డు, ‘మహ్మద్’ అని ఇంకో కార్డు. మనిషి ఒక్కరే, సంచీలో నలుగురు ఉన్నారు. పాస్‌పోర్టు ఆఫీసుకు మాత్రం ఒక్కరే కావాలి. ఏ కాగితాన్ని ముందు సవరించాలో, ఏది దాన్ని బట్టి సవరణ అవుతుందో వరుస పెట్టుకుని నడిస్తే పని జరుగుతుంది. అఫిడవిట్, ఫోటో, వేలిముద్ర, ఆధార్, ఆ తర్వాతే పాస్‌పోర్టు. తలకిందులుగా పోతే నెలలు పోతాయి. హజ్ తేదీ నెలలు ఆగదు.

ఒకప్పుడు పాస్‌పోర్టు కోసం మా వాళ్లు హైదరాబాద్ దాకా పోవాలి. బస్సులో దాదాపు 300 కిలోమీటర్లు. 2016 చివర్లో పుట్టిన తేదీ రుజువుకు నియమాలు సడలించారు, ఆధార్, పాన్ లాంటివి చాలన్నారు. 2017 నుంచి పోస్టాఫీసుల్లో పాస్‌పోర్టు సేవా కేంద్రాలు తెరవడం మొదలై ఆదిలాబాద్‌కూ వచ్చింది. నా శాఖ చేసిన ఈ పని చూస్తే నాకు గర్వంగా ఉంటుంది. ఏజెన్సీ మనిషికి ప్రపంచపు గేటు తన పాత జిల్లా కేంద్రం పోస్టాఫీసులోనే తెరుచుకుంది.

చీటీ, కవర్

దరఖాస్తు పెట్టిన ప్రతివాడికీ యాత్ర దొరకదు. ప్రతి దేశానికీ పది లక్షల ముస్లిం జనాభాకు వెయ్యి మంది చొప్పున కోటా అని ఇస్లామిక్ దేశాల సంస్థ 1980ల చివర్లో లెక్క పెట్టింది. భారత్‌కు ఇప్పుడు 1,75,025. అందులో రాష్ట్రానికి ఇంత అని పంచాక పేర్లు తేల్చేది ఖుర్రా. కంప్యూటర్ తీసే చీటీ. మంత్రి అన్న అయినా, జైనూర్‌లో పంక్చర్లు వేసే మనిషి అయినా అందరి పేర్లూ అందులోనే. రాకపోతే వచ్చే ఏడాది మళ్లీ. కోవిడ్ వల్ల 2020, 2021లో ఇక్కడి నుంచి ఎవరూ పోలేదు. 2022లో కోటా 79,237కు తగ్గించి, అరవై ఐదు దాటినవాళ్లను రానివ్వలేదు. ఆ నియమం మా ముసలివాళ్లకు గుండెకోత. తయారై కూర్చున్న పెట్టెను విప్పడం చూశాను.

కవర్ అంటే కలిసి పెట్టిన ఒక దరఖాస్తు. ఖుర్రాలో వస్తే కవర్‌లో అందరికీ వస్తుంది, లేదంటే ఎవరికీ రాదు. ఎవరితో కలిసి పెట్టాలన్నది మా ఇళ్లలో పెళ్లి సంబంధం అంత ఆలోచించి తేలుస్తారు. నడవలేని అమ్మతో ఓపిక ఉన్న కోడలు, చదువురాని బావతో చదువుకున్న బావమరిది. 2018 నుంచి నలభై ఐదు దాటిన ఆడవాళ్లు మహ్రమ్ (తోడుగా ఉండే దగ్గరి మగ బంధువు) లేకుండానే నలుగురు కలిసి పోవచ్చని నిబంధన మారింది. కొడుకులు లేని విధవలకు అది తెరిచిన తలుపు. ఆ మార్పు ఆలస్యంగా వచ్చింది, కానీ సరైనదే వచ్చింది.

హజ్ నెల చాంద్రమానం ప్రకారం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024, 2025లలో అది జూన్‌లో పడింది, మృగశిర కార్తె ముంగిట. మా నల్లరేగడిలో పత్తి గింజ పెట్టే రోజులు. యజమాని అరఫాత్ మైదానంలో ఉంటే పొలం ఎవరు చూస్తారు? పక్క చేను గోండు రైతు, తండా మనిషి చూస్తారు. విత్తనం ముందే కొనిపెట్టి, ‘వాన పడితే పెట్టేయ్ తమ్మీ’ అని అప్పజెప్పి పోతారు. హజ్ తయారీ జాబితాలో ఇదీ ఒక అంశం. ఏ దరఖాస్తులోనూ దీనికి గడి లేదు.

నలభై రోజుల పెట్టె

పెట్టె విషయంలో అతి పెద్ద మార్పు ఒక అగ్నిప్రమాదం తెచ్చింది. 1997 ఏప్రిల్ 15న మక్కా దగ్గరి మినాలో గుడారాలు అంటుకుని మూడు వందల మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత అగ్ని అంటని గుడారాలు వచ్చాయి, గుడారాల్లో వంట నిషేధమైంది. దాంతో మా దాదా కాలపు కిరోసిన్ స్టవ్ హాజీ సామానులోంచి శాశ్వతంగా వెళ్లిపోయింది. టీకాలకూ ఇట్లాంటి చరిత్రే ఉంది. 1987 హజ్‌లో మెదడు పొరల వాపు జ్వరం (మెనింజైటిస్) వ్యాపించాక ఆ టీకా తప్పనిసరి అయింది. 2000లో ఇంకో రకం క్రిమి కనిపించాక నాలుగు రకాలకూ కలిపి వేసే టీకాను తప్పనిసరి చేశారు. దానికి తోడు ఫ్లూ టీకా, పోలియో చుక్కలు. తెల్లగడ్డపు తాతలు నోరు తెరిచి పోలియో చుక్కలు వేయించుకోవడం మా ఆసుపత్రిలో ఏటా చూసే దృశ్యం.

ఇప్పుడు ఒక్కొక్కరికి రెండు పెట్టెలు, ఒక చేతిసంచీ. ఒక్కో పెట్టె ఇరవై కిలోల చిల్లర దాటకూడదు. మా దగ్గర పెట్టెలు తూచేది కిరాణా దుకాణం కాంటా మీద. పెట్టె ఎక్కుతుంది, ముల్లు దాటుతుంది, మూత తెరుచుకుంటుంది. అప్పుడు ఆడవాళ్లు ఒక్కో పొట్లం తీసి పక్కన పెడతారు. సకినాల డబ్బా, అచార్ సీసా, నెయ్యి, అల్లం వెల్లుల్లి ముద్ద. నూనె, నెయ్యి, అచార్లు వద్దని కమిటీ ముందే చెబుతుంది. నేను మాత్రం మసాలా పొట్లాలు విప్పించి వాసన చూసే దాకా ఊరుకోను. మన కూరల్లో వేసే గసగసాలు సౌదీ చట్టం ప్రకారం మత్తుపదార్థం. బిర్యానీ మసాలాలో గుప్పెడు కలిసి ఉన్నా పెద్ద ఆపద. మందులు తీసుకుపోతే డాక్టరు చీటీ దానితో పాటే ఉండాలి, షుగర్ బిళ్లలకు కూడా.

ఆ తర్వాత పేర్లు రాయడం. పెట్టె రెండు పక్కలా పెయింటుతో హాజీ పేరు, కవర్ నంబరు, రాష్ట్రం, ఎక్కే విమానాశ్రయం, ఫోన్ నంబరు. ఒకే రంగు పెట్టెలు వందల కొద్దీ బెల్టు మీద తిరుగుతుంటే చదవలేని అవ్వకు పేరు చాలదు. అందుకే మా వీధివాళ్ల పెట్టెల పిడులన్నిటికీ ఒకే చీర అంచు చింపి కడతాం. ఆ రంగు కనిపిస్తే లాగేయడమే. ఇహ్రామ్ గుడ్డలు మాత్రం పెద్ద పెట్టెలో పెట్టనివ్వను. నేరుగా మక్కా పోయేవాళ్లు విమానం ఎక్కకముందే ఇహ్రామ్‌లోకి రావాలి. మీఖాత్ ఆకాశంలో దాటిపోతుంది. పెద్ద పెట్టె అప్పటికే విమానం కడుపులో ఉంటుంది. ఓడలో యలమ్‌లమ్ దాకా ఆగిన మా దాదాకు ఈ తొందర లేదు.

విమానం తేదీకి రెండు రోజుల ముందు హైదరాబాద్ నాంపల్లిలోని హజ్‌హౌస్‌కు చేరాలి. అక్కడే పెట్టెలు అప్పగించడం, పాస్‌పోర్టు చేతికి రావడం, చేతికి పేరు చెక్కిన స్టీలు కడియం తొడగడం. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక బస్సుల్లో అక్కడి హజ్ టెర్మినల్‌కు తీసుకుపోతారు. 2024 నుంచి ‘హజ్ సువిధ’ అనే యాప్ కూడా వచ్చింది. కవర్‌లో ఒక్క కుర్రవాడు ఉంటే చాలు, అందరి ఫోన్లలో దాన్ని పెట్టేస్తాడు.

మక్కాలో మావాళ్లకు ఇంకో ఆసరా ఉంది. నిజాం కాలంలో హైదరాబాద్ రాజ్యపు యాత్రికుల కోసం అక్కడ భవనాలు కొని రుబాత్‌లుగా, అంటే సత్రాలుగా, వక్ఫ్ చేశారు. కాబా చుట్టూ మసీదును విస్తరించినప్పుడు వాటిలో చాలావరకు పోయాయి. మిగిలిన వాటిలో ఇప్పటికీ పాత హైదరాబాద్ రాజ్యపు హాజీలకు ఉచిత బస ఇస్తారు. తెలంగాణ జిల్లాలు, మరాఠ్వాడా, కర్ణాటకలో కలిసిన జిల్లాలవాళ్లకే ఆ హక్కు. దానికీ చీటీయే. 1948లో ఆ రాజ్యం పోయింది, 1956లో దాని జిల్లాలు మూడు రాష్ట్రాలకు పంచుకుపోయాయి. 2016లో మా ఆదిలాబాద్ కూడా విడిపోయి జైనూర్ కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చింది. అయినా మక్కాలోని ఆ సత్రం దృష్టిలో నాందేడ్, గుల్బర్గా, జైనూర్ ఇంకా ఒకే ఊరు. దానం ఇచ్చినవాళ్ల పేర్లు మా హాజీల్లో చాలామందికి తెలియవు. తెలుసుకోవాలి.

చదివేవాళ్లకు ఒక విన్నపం

ఇదంతా రాసింది రెండు మాటలు చెప్పడానికి. మొదటిది, ఇంట్లో బిడ్డ పుట్టగానే పేరు, తేదీ సరిగ్గా నమోదు చేయించండి. తర్వాత వచ్చే ప్రతి కాగితంలో అవే అక్షరాలు ఉండేలా చూడండి. హజ్‌కే కాదు, గల్ఫ్‌కు, చదువుకు, పట్టాకు, పింఛనుకు అదే పునాది. ముసలివాళ్ల కాగితాలు ఇప్పుడే సరిచూసి పెట్టండి, ఖుర్రాలో పేరు వచ్చాక పరుగెత్తకండి.

రెండోది. మీ ఇంటి సందూకులో తాత పిల్‌గ్రిమ్ పాసు, ఓడ టికెట్టు, టీకా చీటీ, ఒక్క హజ్ నోటు ఉన్నా పారేయకండి, పాత కాగితాలవాడికి తూకానికి వేయకండి. ఒక ఫోటో తీసి, అది ఎవరిదో, ఏ ఏడు పోయారో, ఎవరెవరు కలిసి పోయారో వెనక రాసి పెట్టండి. కొండల నడుమ ఊరి నుంచి బండి కట్టుకుని ఎర్ర సముద్రం దాటిన మామూలు మనుషుల చరిత్రకు అవే సాక్ష్యాలు. వాటిని మనమే దాచుకోవాలి.